తనవి గానా, తనివి గానా? ఒక్క గుడి దగ్గర ఆగిపోయిన సీసపద్యం

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే, కానీ రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే గోల. విశ్వనాథ సత్యనారాయణ గారి రామాయణ కల్పవృక్షంలో, మళ్లీ ఈ రామాయణం ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఉంది కదా, ఆ 'మరల నిదేల రామాయణంబన్నచో' సీసంలో రెండో పాదం చివర 'తన రుచి బ్రదుకులు తనవి గాన' అనా, 'తనివి గాన' అనా? నాకు 'తనవి' అని నోటికి వచ్చు. మా అన్నయ్యకి 'తనివి' అని గుర్తు. ఇంట్లో పుస్తకం లేదు, ఎవరో పట్టుకెళ్లి ఇవ్వలేదు.

తొందర ఎందుకంటే, అన్నయ్య బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక పని బాగా తగ్గింది. ఖాళీగా ఉండలేక మా వరండా గోడ మీద ఈ పద్యం రాస్తున్నాడు. దారానికి చాక్‌పొడి పట్టించి, నేను ఒక కొస పట్టుకుంటే తను లాగి కొట్టి గీతలు వేశాడు. పద్యమంతా అయిపోయింది, ఆ ఒక్క అక్షరం తప్ప. 'న' ఒంటి వరకు వేసి పైన ఖాళీ ఉంచాడు. తలకట్టు పెడితే తనవి, గుడి పెడితే తనివి. ఎనామిల్ పెయింట్, ఒకసారి వేశాక తుడవడం కుదరదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక:
'తనవి'. ఇందులో అనుమానం ఏముందండీ? తర్వాతి పాదం 'తనదైన యనుభూతి తనది గాన'. ఆ తర్వాతది 'నా భక్తి రచనలు నావి గాన'. తనవి, తనది, నావి. మెట్లు కట్టినట్టు లేదూ? తలకట్టు పెట్టేయమనండి.

గుడిదీర్ఘం:
మెట్లు కట్టినట్టుంది కాబట్టే నాకు అనుమానం. ముందు మాట అన్నం. ఆ వెంటనే రుచి. అన్నం, రుచి అన్నాక తెలుగువాడి నోటికి వచ్చే మూడో మాట తనివి కాక ఇంకేమిటి? లోకమంతా రోజూ అదే అన్నం ఎందుకు తింటోందంటే, ఎవరి రుచి వారిది, బతుకులకి అదే తనివి కాబట్టి. 'తన బతుకులు తనవి' అంటే ఏమొచ్చింది? ఆ మాట చెప్పడానికి విశ్వనాథ కావాలా, మా పక్కింటాయన చాలు.

లఘువు:
ఛందస్సు ఏమైనా తేలుస్తుందేమోనని కూర్చుని గణాలు కట్టాను. తేల్చదు. రెండూ మూడు లఘువులే, న గణం. యతి 'తన రుచి'లో త కి, ఇక్కడ మొదటి త కి సరిపోయింది. తలకట్టున్నా గుడి ఉన్నా దానికి పట్టదు. మూడో పాదంలో 'చేసిన సంసారమే సేయుచున్నది' అని సి-సే ప్రాసయతి (రెండో అక్షరాల పొంతన) వేశాడు కదా, ఇక్కడా అలాంటిదేదైనా పడి ఉంటే అనుకున్నాను. కానీ ప్రాసయతికి హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఒకటే. అప్పుడూ తేలేది కాదు.

పాత పుస్తకాలు:
పాఠాంతరాలు చూసేవాళ్లకి ఒక సూత్రం ఉంది. రెండు పాఠాలుంటే కష్టమైనదే కవిది. తేలికైనది నకలు రాసేవాడి చేతిలో పుడుతుంది. కింద తనది, నావి చూసి, పైన ఉన్న తనివిని ఎవరో 'తనవి'గా దిద్ది ఉంటారు. 'తనవి'ని పనిగట్టుకుని 'తనివి' చేసేవాడు ఎవడూ ఉండడు. గుడిదీర్ఘం గారితో ఏకీభవిస్తున్నాను, ఎన్నడూ లేనిది.

కృష్ణలంక:
మాస్టారూ, ఆ సూత్రం తాళపత్రాలకి. ఇక్కడ నకళ్లు ఎక్కడివి? అచ్చులో వచ్చిన కావ్యం. కవి 1976 దాకా మన మధ్యే ఉన్నాడు. 1970 జ్ఞానపీఠం ఈ పుస్తకానికే, తెలుగులో మొదటిది. అంత పేరున్న కావ్యంలో, అందరూ చదివే పద్యంలో తప్పు పడితే దిద్దకుండా ఊరుకునే మనిషా ఆయన?

పైగా వ్యాకరణం చూడండి. 'బ్రదుకులు తనివి' ఏమిటి? బహువచనానికి ఏకవచనం అతికించారు.

గుడిదీర్ఘం:
'పిల్లలే మా బలం' అంటాం. బలములు అనం కదా.

లఘువు:
మీ ఇద్దరూ 'తన' ఎవరిదో చూడటం లేదు. 'ఈ ప్రపంచకమెల్ల' అన్నాడు. ప్రపంచం ఒకటి, అందుకే 'తన'. బతుకులు బోలెడు, అందుకే 'బ్రదుకులు'. ఆఖరి పాదం దాకా అంతా ప్రపంచం గొడవే, 'నేనును' దగ్గర మాత్రం తను దిగాడు. 'తన' నుంచి 'నా'కి వచ్చాడు. ఆ దిగడం అందంగా ఉండాలంటే పైన 'తనవి, తనది' వరసగా ఉండాలి. నా ఓటు తలకట్టుకే. కానీ ఒట్టు వేయమంటే వేయను.

డల్లాస్ బావ:
ఇక్కడ పిల్లల తెలుగు క్లాసులో పదేళ్ల కుర్రాడు ఒకడు అడిగాడు, 'మళ్లీ రామాయణమేనా అంకుల్' అని. ఈ పద్యం చదివి వినిపించాను. 'అంటే నేను రోజూ పప్పన్నమే తింటాను కదా, అలాగా' అన్నాడు. వాడికి ఈ న, ని గొడవ అక్కరలేకపోయింది. ఊరికే చెబుతున్నా, కొట్టకండి.

పాత పుస్తకాలు:
కొట్టం గానీ, మీవాడు అసలు పాయింటు పట్టుకున్నాడు. ఇదే ప్రశ్న పాతవాళ్లకీ వచ్చింది, జవాబులే వేరు. మొల్ల ఏమంది? 'చెప్పుమని రామచంద్రుడు చెప్పించిన పలుకుమీద చెప్పెద.' పోతన ఏమన్నాడు? 'పలికించెడివాడు రామభద్రుండట.' ఇద్దరూ దేవుడి మీదకి తోసేశారు. విశ్వనాథ ఒక్కడే 'నావి' అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. రాముడు అందరివాడు, కథ వాల్మీకిది, కానీ ఈ భక్తి రచనలు మాత్రం నావి. అహంకారం అంటారు కొందరు. నాకైతే అందులో నిజాయితీ కనిపిస్తుంది.

గుడిదీర్ఘం:
పోతన తోసేశాడని ఎలా అంటారు? ఆ 'అట' చూడండి. 'భాగవతమట', 'రామభద్రుండట', 'భవహరమగునట'. మూడు అటలు. ఎవరో అంటే విన్నాను, నాకు మాత్రం ఏం తెలుసు అన్నట్టు మూడుసార్లు తప్పుకున్నాడు. నాలుగోది మాత్రం 'పలికెద'. దానికి అట లేదు. ఆ ఒక్క క్రియ ఆయన సొంతం. విశ్వనాథ మూడు పాదాల్లో గాన, గాన అంటూ చెప్పింది పోతన అట లేకుండా వదిలేసి చెప్పాడు. ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, ఒక్కరూ ఒప్పుకోలేదు.

కృష్ణలంక:
ఈసారీ ఒప్పుకోం. కందం నాలుగో పాదంలో 'అట'కి చోటేదీ?

కరీంనగర్ వాసి:
బెజవాడోళ్లు విశ్వనాథను మొత్తం మీ ఖాతాలోనే వేసుకుంటున్నారు. 1959లో ఆయన మా కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు, గుర్తుంచుకోండి. మా బాపు అక్కడ చదివారు. సార్ పద్యం చదువుతుంటే కారిడార్‌లో నడిచేవాళ్లు ఆగిపోయేవారట.

ఇంతకీ 'తనవి'నా 'తనివి'నా అని ఇప్పుడే ఫోన్ చేసి బాపును అడిగిన. ఎనభై దాటినై. పద్యం మొత్తం రాగం తీసి చదివారు. ఆ అక్షరం దగ్గర దగ్గు వచ్చింది. మళ్లీ చదవమంటే 'నేను చదివింది సరిగ్గ వినలేదా' అని కోపం చేసిన్రు.

లఘువు:
ఈ గ్రూపులో ఇంతవరకు వచ్చిన సాక్ష్యాల్లో ఇదే గట్టిది.

పాత పుస్తకాలు:
ఈ ఒక్క పద్యం పట్టుకుని వేలాడితే లాభం లేదు. దీని తాళం చెవి ఇంకోచోట ఉంది. 'తండ్రి యాజ్ఞయును జీవుని వేదన రెండు నేకమై' అన్నాడు. రాయమన్నది తండ్రి శోభనాద్రి గారు. అది ఆజ్ఞ. ఆజ్ఞ ఒక్కటే అయితే కొడుకు రెండు కాండలు రాసి దణ్ణం పెట్టేవాడు. ఆరు కాండలు, అన్నేళ్లు రాయించింది రెండోది, జీవుని వేదన. ఎవరో చెప్పిన పనిలో తన బాధ కలిస్తే గానీ అది తన పని కాలేదు.

గుడిదీర్ఘం:
వేదన అంటే బాధేనని ఎవరు చెప్పారు? విద్ ధాతువు. తెలియడం, అనుభవంలోకి రావడం. తెలుగులోకి వచ్చాక ఏడుపు అయింది గానీ సంస్కృతంలో సుఖం తెలిసినా వేదనే. ఆయన సంస్కృతం తెలియక వాడిన మాట కాదు. జీవుడికి తెలిసింది అని అర్థం. కింద 'తనదైన యనుభూతి' అన్నదీ అదే.

కృష్ణలంక:
మీకు ప్రతి మాటా సంస్కృతంలోకి వెళితే గానీ నిద్ర పట్టదు. వరలక్ష్మీ త్రిశతి చదవండి ఒకసారి. భార్య పోయాక రాసుకున్న పద్యాలు. అవి చదివాక 'వేదన'కి ధాతువు వెతకబుద్ధి కాదు.

గుడిదీర్ఘం:
చదివాను. అందుకే అంటున్నా, రెండర్థాలూ ఉన్నాయని. ఆయన అలాంటి మాటలే ఏరుకుంటాడు.

కలంకారీ కోడలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది శ్రీకాళహస్తి. మా అత్తగారు నలభై ఏళ్లుగా రామ పట్టాభిషేకం వేస్తున్నారు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం, వెదురు పుల్లకి గుడ్డ చుట్టి చేసిన కలంతో గీయడం, అంతా వరస ప్రకారమే. మధ్యలో సీతారాములు, చుట్టూ గళ్లలో కథ. కొనేవాళ్లు అడిగేది అదే. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను అడిగాను, 'విసుగు రాదా అత్తయ్యా' అని. ఆవిడ ఏమీ అనలేదు, మూలనున్న ఒక గడి చూపించారు. అక్కడ హనుమంతుడు కూర్చున్న చోట నేల మీద ఒక చిన్న చెంబు ఉంది. కథలో చెంబు లేదు. మామయ్య పోయిన ఏడాది నుంచి ప్రతి గుడ్డ మీదా ఎక్కడో ఒకచోట అది వేస్తున్నారట. ఆయన పొద్దున్నే నీళ్లు తాగే చెంబు. ఎవరూ కనిపెట్టలేదు ఇంతవరకు.

మీ పద్యం నాకు పూర్తిగా రాదు. 'నా భక్తి రచనలు నావి' అంటే మాత్రం నాకు ఆ చెంబు గుర్తొచ్చింది.

డల్లాస్ బావ:
అమ్మా, ఇది చదివాక కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

లఘువు:
సినిమాల బాపు గారు కూడా అంతే కదా. 1976లో సీతాకల్యాణం తీసి, 2011లో శ్రీరామరాజ్యం తీశారు. మధ్యలో గీసిన రాముళ్లకి లెక్కే లేదు. ఎవరైనా 'మరల నిదేల' అని అడిగారో లేదో మరి.

పాత పుస్తకాలు:
సీసం కింద గీతం ఎవరూ ఎత్తడం లేదు. నూటికి తొంభై పాళ్లు కవి ప్రతిభలోనే ఉంటుందని, కొత్త కథ కన్నా రసం వెయ్యి రెట్లు గొప్పదని అందులో తేల్చేశాడు. పైన మాత్రం రుచి, అనుభూతి, భక్తి. నాకెప్పుడూ ఈ రెండూ అతకవు. పైన ఇంట్లో మనిషి మాట్లాడినట్టుంటుంది, కింద పండితుడు సభలో లేచి నిలబడినట్టుంటుంది. నేనైతే సీసంతో ఆపేవాణ్ణి.

కృష్ణలంక:
ఎత్తుగీతి లేకుండా సీసం ఆపుతారా? మీ సూత్రాలు మీరే పాటించండి.

గుడిదీర్ఘం:
అసలు విషయానికి వద్దాం. 'తనివి' ఆయన ఇంకెక్కడైనా పేరుగా వాడాడా, తీరు అనే క్రియ పక్కన లేకుండా? అది దొరికితే నా వాదన నిలబడుతుంది. ఆదివారం బాలకాండ ముందేసుకుని కూర్చుంటాను.

పాత పుస్తకాలు:
బాలకాండ మీ దగ్గరుందా? అంటే ఈ పద్యం మీ చేతిలోనే ఉన్నట్టు కదా! తీసి చూసి చెప్పక ఇంతసేపూ వాదన ఏమిటి?

గుడిదీర్ఘం:
ఉంది. ఆ పేజీ చెదలు తిన్నది.

కృష్ణలంక:
నమ్మాం.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్స్. మీ కామెంట్లన్నీ అన్నయ్యకి చదివి వినిపించాను. చెంబు సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి కుంచె టర్పెంటైన్‌లో కడిగేశాడు. 'అక్షరం ఏం చేస్తావురా' అని అమ్మ అడిగితే, 'ముప్పై ఏళ్లలో ఎన్ని కిరాణా షాపుల బోర్డుల మీద "కి" రాశానో నాకే తెలియదు. ప్రతి గుడీ నా చేత్తోనే పెట్టా. ఇది తెలిసేదాకా ఉండనీ' అన్నాడు.

ఇప్పటికి ఆ 'న' నెత్తి మీద ఏమీ లేకుండా ఉంది. పాలవాడు చూసి పెయింట్ అయిపోయిందా అని అడిగాడు. ఆదివారం ఎవరికైనా మంచి ప్రతి దొరికితే ఆ పాదం ఫోటో పెట్టండి ప్లీజ్.

లఘువు:
ఫోటో ముందు మీరు పెట్టండమ్మా, గోడది. 'బ్రదుకులు' అని రాశాడా, 'బ్రతుకులు' అని రాశాడా?