మొక్కజొన్న తగ్గించి చోళ్లు (రాగులు) వేస్తే ఇంటికి మేలేనా?

బొబ్బిలి రైతు:
మాది ఎకరం మెట్ట. మా నాన్న చోళ్లు, కందులు కలిపి వేసేవారు. ఇప్పుడు ఊరంతా మొక్కజొన్నే. పండించింది కోళ్ల మేతకు లారీ ఎక్కుతుంది, మేము కోటా బియ్యంతో కడుపు నింపుకుంటాం. కోళ్లే నయం! అమ్మాయికి రక్తం తక్కువని డాక్టరు అన్నారు. కొంత చేను చోళ్లకు వదిలితే ఉపయోగమా, లేక ఇది పాతకాలపు మోజా?

పాలకొండ పెద్దాయన:
వేయండి బాబూ. అయితే రక్తం కోసమని వేయకండి. చోళ్ల బలం కాల్షియంలో ఉంది: వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే, పాలిష్ బియ్యంలో పదో పరకో. ఇనుము ఉన్నా గింజలోని ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటబట్టనీయకుండా పట్టి ఉంచుతాయి. మొలకెత్తించి మర పట్టించినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. మా ఇంట్లో రాత్రి పిండి కలిపి మూత పెడతారు. తెల్లారేసరికి పుల్లని వాసన, అంచున సన్నటి బుడగలు. అప్పుడే పొయ్యి మీదకు అంబలి.

ఆమదాలవలస నర్సు:
అన్నా, అంబలి తాగిన వెంటనే పాపకు టీ ఇవ్వకండి, ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసం పిండండి. ఐరన్ మాత్రలు మాత్రం ఆపవద్దు.

నరసన్నపేట రైతు:
కందిని మరిచిపోయారేం? బియ్యంలో తక్కువైన లైసిన్ (ప్రోటీన్‌లోని ఒక భాగం) పప్పులో దొరుకుతుంది. మేము వరి కోతకు ముందే నిలువు చేలో పెసలు, మినుములు చల్లుతాం. పదునుకే మొలుస్తాయి. అమ్మేముందు ఇంటి గాదె నింపుతాం.

బొబ్బిలి రైతు:
సరే, చోళ్లతోపాటు కంది కూడా. పాత రకం విత్తనం ఎవరి దగ్గరైనా ఉందా?