విల్లు, ట్రస్టు పనిలో పట్టు రావాలంటే జూనియర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకోటు_జూనియర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జిల్లా కోర్టులో సివిల్ వైపు నాలుగేళ్లుగా ప్రాక్టీసు. ఈ మధ్య విల్లు రాయమని, పిల్లలకు ఆస్తి ఎలా ఏర్పాటు చేయాలో చెప్పమని వచ్చేవాళ్లు పెరిగారు. ఎల్‌ఎల్‌బీలో చదివిన ఫ్యామిలీ లా దీనికి చాలదు. మన దేశంలో లాయర్లకు నిరంతర శిక్షణ తప్పనిసరి కాదు కాబట్టి ఎవరి తిప్పలు వాళ్లవే. ఆన్‌లైన్ కోర్సులు చూస్తే ఎక్కువగా ఇంగ్లండ్, అమెరికా ట్రస్టులు, పన్నుల చుట్టూనే ఉన్నాయి. ఆరు నెలలు పెట్టుకుని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఏం చేయాలి? ఫార్మాట్లు మాత్రం పంపకండి, నా దగ్గర బోలెడున్నాయి.

సాక్షిబోను

ఫార్మాట్లు వద్దన్నారు, సంతోషం. విల్లు ఎక్కువగా దెబ్బతినేది కాగితం మీద కాదు, బోనులో. రాయించిన మనిషి అప్పటికి ఉండరు, ఆయన తరఫున చెప్పాల్సింది అటెస్టరే, అంటే విల్లు మీద సాక్షిగా సంతకం పెట్టినవాడే. అందుకే ఈ చదువు బోనులో మొదలుపెట్టి వెనక్కి రావాలి.

మొదటి నెల విల్లు ఎలా సంతకమవ్వాలో చెప్పే సక్సెషన్ యాక్ట్ 1925 సెక్షన్ 63, కోర్టులో దాన్ని ఎలా రుజువు చేయాలో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 67 (పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 68), ఈ రెండే పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత మీ సీనియర్ ఆఫీసులో తీర్పులైపోయిన విల్లు దావాల కట్టలు ఓ పది దింపండి. అటెస్టర్ల డిపోజిషన్లు (కోర్టులో ఇచ్చిన వాంగ్మూలాలు) మాత్రమే చదవండి. ప్రతిదాంట్లో నాలుగు ముక్కలు వెతికి మార్జిన్‌లో పెన్సిల్‌తో టిక్ పెట్టండి: రాయించినాయన సంతకం పెడుతుంటే ఈ సాక్షి చూశాడా (లేదా అది తన సంతకమేనని ఆయన ఇతనితో చెప్పాడా), ఆయన ఎదుట ఈ సాక్షి సంతకం పెట్టాడా, రెండో సాక్షి కూడా అలాగే చూశాడా, అతనూ ఆయన ఎదుటే పెట్టాడా. పది కట్టల్లో నాలుగు టిక్కులూ పడేవి ఎన్నో మీరే లెక్కేసుకోండి.

చీఫ్ అఫిడవిట్లలో (సాక్షి ముందుగా రాసిచ్చే సాక్ష్యంలో) అరిగిపోయిన వాక్యం ఒకటుంది: "సదరు విల్లుపై రెండవ సాక్షిగా నేను సంతకం చేసియున్నాను, అందలి సంతకం నాదే." దీంతో రుజువైంది సాక్షి సంతకం, అటెస్టేషన్ కాదు. తెలివైన అవతలి లాయర్ క్రాస్‌లో ఆ ఊసే ఎత్తడు. అడిగితే సాక్షి నోట సరైన జవాబు వచ్చేస్తుందని భయం. ఆ లోటును ఆర్గ్యుమెంట్స్ దాకా దాచి అప్పుడు బయటికి తీస్తాడు.

ఒక్క సాక్షిని పిలిస్తే చాలన్నది నిజమే. కానీ ఆ ఒక్కడే రెండో అతని అటెస్టేషన్ కూడా చెప్పగలగాలి. చెప్పలేకపోతే రెండో అతన్నీ బోనెక్కించాలి. జానకీ నారాయణ్ భోయిర్ కేసులో 2002 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. సాక్షి అడ్డం తిరిగితే సాక్ష్య అధినియమం సెక్షన్ 70 (పాత 71) ఉందిలే అని ధీమాగా ఉండొద్దు. అది సాక్షి కాదన్నప్పుడు, గుర్తులేదన్నప్పుడు పనికొస్తుంది. అందుబాటులో ఉన్న రెండో సాక్షిని పిలవకుండా కూర్చున్నవాడికి పనికిరాదు.

రెండో నెల వెంకటాచల అయ్యంగార్ వర్సెస్ తిమ్మజమ్మ (1959). హెడ్‌నోట్ (పైన ఇచ్చే సారాంశం) కాదు, తీర్పు మొత్తం చదవండి. అనుమానాస్పద పరిస్థితుల మీద తర్వాత వచ్చిన తీర్పులకు పునాది అదే.

మండల_వకీలు

సార్, ఇంత తిప్పలెందుకు? రిజిస్టర్ చేయించేస్తే సరిపోదా? క్లయింట్లంతా అదే అడుగుతారు.

పాత_దస్తావేజు

సరిపోదండీ. విల్లుకి రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం, స్టాంపు డ్యూటీ లేదు, ఫలానా గడువులోగా తేవాలన్న నియమమూ లేదు. మంచిదే, చేయించండి. కాగితం తర్వాత పుట్టించారన్న ఆరోపణకు చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. కానీ అటెస్టర్‌ని పిలవాల్సిన పని తప్పదు. రిజిస్టరైన మిగతా దస్తావేజులకు అవతలివాళ్లు ప్రత్యేకంగా కాదంటేనే సాక్షిని పిలవాలి. విల్లుకి ఆ మినహాయింపు లేదు.

సబ్‌రిజిస్ట్రార్ దగ్గర మనిషిని గుర్తుపట్టడానికి సంతకం చేసే ఇద్దరూ వాళ్లంతట వాళ్లు అటెస్టర్లు కారు. దస్తూరీ రాసినతను కూడా అంతే, రాసినట్టు సంతకం చేస్తే రాసినవాడే. సబ్‌రిజిస్ట్రార్‌ని అటెస్టర్ అనాలంటే ఆయనా సెక్షన్ 63 ప్రకారం చేసుండాలి, బోనెక్కి అది చెప్పాలి. కాగితం ముప్పై ఏళ్లు దాటితే దానంతటదే రుజువైనట్టు అనుకునే ప్రిజంప్షన్ కూడా విల్లుకి వర్తించదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

బయటివాళ్ల కంట పడకూడదంటే సీల్డ్ కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు, రిజిస్ట్రేషన్ యాక్ట్ సెక్షన్ 42 నుంచి 46 వరకు. దీన్ని జనం ఎందుకో వాడుకోరు.

సాక్షుల ఎంపిక గురించి కూడా చెప్పాలి. రాయించేవారి ఈడు స్నేహితులను పెడితే అవసరం వచ్చేనాటికి ఇద్దరూ ఉండకపోవచ్చు. వయసులో చిన్నవాళ్లు, ఊరు వదలని ఉద్యోగం ఉన్నవాళ్లు, ఆస్తితో సంబంధం లేనివాళ్లు కావాలి. ఇద్దరి పాన్ కార్డు కాపీలూ సంతకంతో సహా ఫైల్లో పెట్టుకోండి. ఇద్దరూ పోతే సాక్ష్య అధినియమం సెక్షన్ 68 (పాత 69) కింద కనీసం ఒక సాక్షి చేతిరాత, రాయించినవారి చేతిరాత రుజువు చేయాలి. పోల్చడానికి సంతకం దొరక్క ఆగిపోయేది అక్కడే. వీలైతే ఒక సాక్షి డాక్టరైతే మరీ మంచిది. అదే తేదీతో ఆయన విడిగా ఇచ్చే సర్టిఫికెట్ కంటే ఎదుట కూర్చుని అటెస్ట్ చేయడానికి బరువెక్కువ.

తదనంతరం

పైవాళ్లు రుజువు గురించి చెప్పారు, నేను రాత గురించి. మన తెలుగు విల్లుల్లో ఎక్కువ దావాలు పుట్టించే వాక్యం ఇది: "నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారునికి సర్వహక్కులతో చెందవలయును." తులశమ్మ వర్సెస్ శేషారెడ్డి (1977) మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. మనోవర్తి హక్కుకు బదులుగా ఆమెకు ఇచ్చిన ఆస్తి అయితే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14(1) కింద సంపూర్ణ హక్కుగా మారే ప్రమాదం ఉంది, అప్పుడు కొడుక్కి మిగిలేది ఉండదు. 14(1)కీ, రాసిచ్చిన పరిమితుల మేరకే హక్కు అనే 14(2)కీ మధ్య గీత ఎక్కడన్నది తేల్చమని 2024 డిసెంబర్‌లో పెద్ద బెంచ్‌కి పంపారు. అందుకని ఆవిడకు వేరే ఆస్తి పూర్తిగా ఇచ్చారా, ఈ ఇల్లు ఏ ఉద్దేశంతో ఇస్తున్నారు అన్నవి విల్లులోనే విడమరిచి రాయండి.

దీనికి అభ్యాసం: ఒకే కుటుంబాన్ని ఊహించుకుని మూడు విల్లులు రాయండి. మొదటిదాంట్లో ఆస్తి సగం స్వార్జితం, సగం పిత్రార్జితం. "ఇదంతా నా స్వార్జితం" అని రాసినంత మాత్రాన పిత్రార్జితం స్వార్జితం కాదు. తన వాటా వరకే విల్లు రాయగలరు (హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 30), 2005 సవరణ తర్వాత కూతుళ్ల వాటా కూడా లెక్కలోకి వస్తుంది. రెండోదాంట్లో ఒక కొడుకు తండ్రికంటే ముందే పోయాడు. అతనికి పిల్లలుంటే ఒక రకం (సక్సెషన్ యాక్ట్ సెక్షన్ 109), లేకపోతే మరో రకం (సెక్షన్ 105). మూడోదాంట్లో ఒక బిడ్డకు మానసిక వైకల్యం.

మూడోదే ట్రస్టు పాఠం. ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 1882 సెక్షన్ 6 ప్రకారం ఉద్దేశం, ప్రయోజనం, లబ్ధిదారు, ఆస్తి ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. బతికుండగా స్థిరాస్తితో పెడితే రిజిస్ట్రేషన్ తప్పదు, విల్లు ద్వారా పెడితే అక్కర్లేదు. జూనియర్లు ఎక్కువగా మర్చిపోయేది ట్రస్టీ తర్వాత ట్రస్టీ. అన్నయ్యను ట్రస్టీగా రాస్తారు, అన్నయ్య పోతే ఎవరో రాయరు. కనీసం ఇద్దరు ప్రత్యామ్నాయాలు, కొత్తవాళ్లను ఎవరు నియమించాలో, ఏటా లెక్కలు ఎవరికి చూపాలో రాయండి. నేషనల్ ట్రస్ట్ యాక్ట్ 1999 కింద లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చే గార్డియన్‌షిప్ వేరే దరఖాస్తు, ట్రస్టీ అయినంత మాత్రాన గార్డియన్ కారు.

దిద్దుబాట్లు, వైట్నర్ వద్దే వద్దు. విల్లు అయ్యాక కొట్టివేతలు చేస్తే దానికీ మళ్లీ సంతకం, అటెస్టేషన్ కావాలి (సక్సెషన్ యాక్ట్ సెక్షన్ 71). పేజీ మార్చి మళ్లీ ప్రింట్ తీయడం తేలిక, మొత్తం మళ్లీ సంతకాలు చేయించగలిగితేనే.

నల్లకోటు_జూనియర్

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి: పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు, తామే అమెరికాలో స్థిరపడి ఇక్కడ పొలం, ఫ్లాట్ ఉన్నవాళ్లు వస్తున్నారు. వాళ్లకు ప్రత్యేకంగా ఏం చూడాలి?

సాక్షిబోను

ముందు అక్కడి విల్లు తెప్పించి మొదటి పేరా చదవండి. "ఇంతకు ముందు రాసిన విల్లులన్నీ రద్దు చేస్తున్నాను" అని దాదాపు ప్రతి అమెరికా విల్లులో ఉంటుంది. ఇక్కడి ఫ్లాట్‌కి రాసిన విల్లు తర్వాత అక్కడిది సంతకమైతే ఇక్కడిది ఎగిరిపోయినట్టే. రెండూ ఉంచాలంటే ఇది భారతదేశంలోని ఆస్తులకు మాత్రమే అని ఇక్కడిదాంట్లో, భారతదేశంలోని ఆస్తులు మినహా అని అక్కడిదాంట్లో రాయించాలి. అక్కడి లాయర్‌కి మెయిల్ పెట్టి ఆ మాట చేర్పించడం కూడా మీ పనే.

అక్కడ చాలా రాష్ట్రాల్లో నోటరీ ముందు సాక్షులు ఇచ్చే అఫిడవిట్‌తో విల్లు రుజువవుతుంది, ఇక్కడ దాన్ని అటెస్టర్ సాక్ష్యంగా తీసుకోరు. అక్కడి కోర్టు ప్రొబేట్ (విల్లు రుజువైందన్న ధృవీకరణ) ఇచ్చి ఉంటే ధృవీకరించిన కాపీతో సక్సెషన్ యాక్ట్ సెక్షన్ 228 దారి ఉంది. లేకపోతే అక్కడి సాక్షితో వీడియోలోనో, కోర్టు కమిషన్ ద్వారానో సాక్ష్యం చెప్పించాలి. ఇక్కడి ఆస్తికి ఇక్కడికి వచ్చినప్పుడే, ఇక్కడి సాక్షులతో రాయించేయడం సుఖం.

క్లయింటుతో మొదటి రోజే ఒక పట్టిక నింపండి: ఆస్తి, ఎవరి పేరు, ఎలా వచ్చింది, లింకు దస్తావేజు (ముందటి హక్కు పత్రం) ఎక్కడుంది, నామినీ ఎవరు. నామినీ గడి ఖాళీగా వదలొద్దు. షేర్ల నామినీ యజమాని కాదని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. విల్లులో కూతురి పేరు, బ్యాంకులో అల్లుడి పేరు ఉంటే డబ్బు ముందు అల్లుడి చేతికే వెళ్తుంది. ఆ ఫారం విల్లు సంతకం రోజే మార్పించండి.