ఒక్క ముల్లే ఉన్న బ్రెగే జేబు గడియారం: విరిగిందా, నకిలీదా, లేక అంతేనా?

గంటలముల్లు:
ఒక వేలం కేటలాగులో పాత ఫ్రెంచి జేబు గడియారం ఫొటోలు చూసినప్పటి నుంచి బుర్ర తొలిచేస్తోంది. తెల్లటి ఎనామెల్ డయల్, రోమన్ అంకెలు, నీలం రంగు ముల్లు ఒక్కటే. నిమిషాల ముల్లు లేదు, సెకన్లది అసలే లేదు. వివరాల్లో బ్రెగే, పారిస్, సూస్క్రిప్షన్ రకం అని రాశారు. బ్రెగే అంటే రాజులకీ రాణులకీ చేసినాయన కదా, ఇంత బోసిగా ఉన్నదానికి అంత రేటేంటి? రెండో ముల్లు ఊడిపోయిందా? నకిలీ అయితే ఎలా పట్టుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

చక్రాలపిచ్చి:
ఊడిపోలేదండీ, పుట్టుకతోనే దానికి ఒక్కటే ముల్లు. డయల్ అంచు జూమ్ చేసి చూడండి, ఒక గంటకీ ఇంకో గంటకీ మధ్య పన్నెండు భాగాలుంటాయి, అంటే గీతకి 5 నిమిషాలు. గడియారం కూడా పెద్దది, అడ్డంగా 61 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ముల్లు రెండు గీతల మధ్య ఎక్కడుందో చూసి ఒకటి రెండు నిమిషాల తేడాతో టైమ్ చెప్పేయొచ్చు.

ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే రేటు సంగతి కూడా అర్థమవుతుంది. అబ్రహామ్ లూయీ బ్రెగే 1747లో స్విట్జర్లాండ్‌లోని నూషతెల్‌లో పుట్టి, 1775లో పారిస్‌లో సేన్ నది ఒడ్డున కే ద లోర్లోజ్ వీధిలో దుకాణం పెట్టాడు. ఖాతాదారులంతా ప్రభువులు, రాజకుటుంబం. ఫ్రెంచి విప్లవం వచ్చాక వాళ్ళలో కొందరి తలలు పోయాయి, కొందరు దేశం వదిలి పారిపోయారు. ఆయన కూడా 1793లో స్విట్జర్లాండ్ వెళ్ళిపోయి 1795లో తిరిగొచ్చాడు. వచ్చేసరికి పాత బేరాల్లేవు. అప్పుడు వేసిన ఎత్తు ఇది: భాగాలు తగ్గించి, గట్టిగా, ఒకే పద్ధతిలో వరసగా చేయగలిగే గడియారం, ఆర్డర్ ఇచ్చేటప్పుడు ధరలో నాలుగో వంతు కడితే చాలు. ఆ అడ్వాన్సులతోనే పని నడిపాడు, సూస్క్రిప్షన్ (అంటే చందా) అన్న పేరు అందుకే. నన్నడిగితే రత్నాలు పొదిగిన వాటికన్నా ఇదే ఆయన తెలివికి అసలు సాక్ష్యం.

టిక్‌టిక్:
పైన చెప్పింది బాగుంది గానీ, ఆయన కనిపెట్టినవి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మంచి వ్యాపారి అనుకుని ఊరుకుంటారు.

మొదటిది హెయిర్‌స్ప్రింగ్ వంపు, 1795లో. గడియారంలో అటూ ఇటూ ఊగుతూ టైమ్ నడిపే చక్రం బ్యాలెన్స్, దాని ఊపుని అదుపు చేసే సన్నటి స్ప్రింగే హెయిర్‌స్ప్రింగ్. చదునుగా చుట్టిన స్ప్రింగ్‌కి బయటి కొస ఒకచోట బిగించి ఉంటుంది కదా, అందుకని అది విచ్చుకునేటప్పుడు సమంగా కాకుండా ఒక పక్కకి ఒరుగుతుంది, బ్యాలెన్స్ ఇరుసు మీద ఆ పక్క నొక్కుడు పడుతుంది, టైమ్ తేడా వస్తుంది. ఈయన ఆఖరి చుట్టుని కాస్త పైకి లేపి, మధ్యకి వంచి బిగించాడు. అంతే, స్ప్రింగ్ నాలుగు వైపులా సమంగా విచ్చుకోవడం మొదలైంది. అదెందుకు పనిచేస్తుందో ఫిలిప్స్ అనే ఫ్రెంచి ఇంజనీరు లెక్కలు కట్టి చూపించింది 1861లో! ఇప్పటికీ మంచి చేతి గడియారాల్లో ఆ వంపు ఉంటుంది, పేరు కూడా బ్రెగే ఓవర్‌కాయిలే.

రెండోది అందరికీ తెలిసిన టూర్బియాన్, 1801 జూన్ 26న పేటెంటు. జేబులో గడియారం రోజంతా నిలువుగానే ఉంటుంది, బ్యాలెన్స్ బరువులో వెంట్రుకవాసి తేడా ఉన్నా భూమి ఆకర్షణ ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది. అందుకని బ్యాలెన్స్, ఎస్కేప్‌మెంట్ (చక్రాల పరుగుని టిక్కు టిక్కుమని ఆపి వదిలే భాగం) మొత్తాన్ని ఒక చిన్న పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే తిప్పాడు. ఒక వైపు ముందుకెళ్ళింది ఇంకో వైపు వెనకబడి చెల్లుకు చెల్లు అయిపోతుంది. (చేతి గడియారంలో దాని అవసరం పెద్దగా లేదు, చెయ్యి ఎలాగూ కదులుతూనే ఉంటుంది. ఇప్పుడు అమ్మేవి చాలావరకు షోకే. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.)

కింద పడితే ఇరుసు కొస విరగకుండా దానికి స్ప్రింగ్ పట్టీ ఆసరా పెట్టిన పారాషూట్, అది 1790 నాటిది. ఇంకా చాలా ఉన్నాయి.

గంటలముల్లు:
ఇంత కథ ఉందా! మరి ఫ్రెంచి రాణి మారీ ఆంత్వానెత్ గడియారం అంటారే, అదీ ఈయనదేనా? నకిలీ సంగతి ఎవరూ చెప్పలేదు.

చక్రాలపిచ్చి:
ఆయనదే, 160వ నంబరు. 1783లో ఆర్డర్ వచ్చింది, 1793లో రాణిని చంపేశారు, 1823లో బ్రెగే పోయాడు, పని పూర్తయింది 1827లో. 1983లో జెరూసలేం మ్యూజియంలోంచి దొంగలెత్తుకుపోతే ఇరవై ఏళ్ళకి పైగా పట్టింది దొరకడానికి.

పాతఇనుము:
నకిలీ సంగతి నేను చెప్తాను. బ్రెగే బతికుండగానే ఆయన పేరుతో దొంగ సరుకు విపరీతంగా వచ్చింది, కాబట్టి రెండొందల ఏళ్ళ పాతది అయినంత మాత్రాన అసలుది అయిపోదు, నకిలీకి కూడా అంత వయసుంటుంది. మూత లోపల పెద్ద అక్షరాలతో పేరుంటే మురిసిపోకండి, అది ఎవడైనా చెక్కుతాడు. ఆయన దీనికి విరుగుడుగా 1795 ప్రాంతంలో రహస్య సంతకం మొదలుపెట్టాడు. పన్నెండు అంకె దగ్గర, ఎనామెల్ మీద సన్నటి మొనతో గీసిన సంతకం. ఎదురుగా చూస్తే కనపడదు, లైటు ఏటవాలుగా పడేలా డయల్ వంచితే తేలుతుంది. సూస్క్రిప్షన్ వాటిలో సాధారణంగా పన్నెండు కింద ఉంటుంది, నంబరుతో సహా. అలా వంచి తీసిన ఫొటో పంపమని వేలం వాళ్ళని అడగండి. డయల్ మీద నంబరూ లోపల యంత్రం మీద నంబరూ ఒకటేనా చూసుకోండి. బ్రెగే అమ్మకాల పాత పద్దు పుస్తకాలు కంపెనీ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, వాటిని చూసి ఆ నంబరు ఎప్పుడు, ఎవరికి అమ్మారో ధ్రువపత్రం ఇస్తారు. కేటలాగులో ఆ కాగితం ఊసు లేకపోతే, ఎందుకు లేదని అడిగాకే పాట పాడండి.

గంటలముల్లు:
కొనే స్తోమత లేదు మహాప్రభో, చూసి ఆనందించే బాపతు నేను. అయినా సంతకం ఫొటో అడుగుతూ ఇప్పుడే మెయిల్ పెట్టాను.