ముగ్గురు పిల్లలు, రోజూ రెండు గంటలు: బయట ఏమి ఆడించాలో చెప్పండి

మూడో అంతస్తు
నాలుగు రోజులుగా ఇదే గొడవ. ఈ రోజు మధ్యాహ్నమంతా ఫోనులో వెతికాను. దొరికినవన్నీ ఇంటి ముందు ఎకరం పచ్చిక ఉన్నవాళ్ళకు పనికొచ్చే ఆటలే. ఎదురింటి దంపతులిద్దరూ ఉద్యోగస్థులు. బడికి సెలవులు కదా, సాయంత్రాలు వాళ్ళ పిల్లల్ని నేను చూసుకుంటున్నాను. టీవీ పెట్టొద్దు, ఫోను ఇవ్వొద్దు, కిందికి తీసుకెళ్ళి ఆడించమన్నారు. దిగిన పది నిమిషాలకే ఒకరు ఏడుస్తారు, ఒకరు అలుగుతారు, ఇంకొకరు లిఫ్టు మీటలు నొక్కుతూ నిలబడతారు. దాగుడుమూతలు అయ్యాయి, పరుగు పందెం అయింది, బంతి ఇచ్చి చూశాను. బాగా పరిగెత్తి అలిసిపోయే ఆటలు చెప్పండి. ‘పార్కుకు తీసుకెళ్ళండి’ అని మాత్రం దయచేసి అనకండి.

చుక్కాని
వయసులు?

డ్రిల్లు మాస్టారు
అలిసిపోవాలంటే ఖోఖోను మించినది లేదు. ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో ఆటగాడు తరుముతాడు. కూర్చున్నవాడి వెనక నుంచి తట్టి ‘ఖో’ అనాలి, ముందు నుంచి తడితే తప్పు. ఈ ఒక్క నియమం నేర్పడానికి నాకు ప్రతి ఏడూ జూన్ నెల మొత్తం సరిపోయేది. లేదంటే కబడ్డీ పెట్టండి. జట్టుకు ఏడుగురు, కూతకు ముప్పై సెకన్లు. 1990లో బీజింగ్ ఏషియాడ్‌లో మన ఆటను చేర్చినప్పుడు మా బళ్ళో మిఠాయిలు పంచాం. ఈ కాలం తల్లిదండ్రులకు మోకాలు గీరుకుపోతే భయం. దుమ్ములో పడని పిల్లవాడు పిల్లవాడే కాదని నా అభిప్రాయం. బిళ్ళంగోడు కూడా నేర్పించండి, గురి కుదురుతుంది.

చుక్కాని
మాస్టారూ, పిల్లలు ముగ్గురే. బిళ్ళంగోడు వద్దు, బిళ్ళ ఎగిరి తగిలితే కన్ను పోతుంది.

న్యూజెర్సీ నుంచి
ఇక్కడ హైస్కూలు పిల్లలు కూడా బేబీ సిట్టింగ్ చేస్తారు. అమెరికన్ రెడ్ క్రాస్ పదకొండేళ్ళు నిండినవారికి ఇందుకోసం శిక్షణ ఇస్తుంది. ప్రథమ చికిత్స, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏమి చెయ్యాలి, అన్నీ నేర్పుతారు. మా అమ్మాయి నేర్చుకుంది. మన దగ్గర మాత్రం ఎదురింటివాళ్ళు అడిగారు, సరే అన్నాను, అంతే. ముందు మీరు ప్రథమ చికిత్స నేర్చుకోండి, ఆటల సంగతి తరవాత చూడవచ్చు.

గడప దాటని పిల్లి
ఎదురింటివాళ్ళు డబ్బులు ఇస్తున్నారా? ఇస్తుంటే మీరు ఆయా పని చేస్తున్నట్టు. మొహమాటపడకుండా గంటకు ఇంత అని మాట్లాడుకోండి.

న్యూజెర్సీ నుంచి
ఆయా అనడం బాగాలేదు. బేబీ సిట్టర్ అనండి.

గడప దాటని పిల్లి
ఆయా అంటే తప్పేముంది? మా ముగ్గుర్నీ పెంచింది ఆయమ్మే. ఇంగ్లీషులో అంటే గౌరవం, తెలుగులో అంటే అవమానమా?

చుక్కాని
ఆయా కూడా తెలుగు మాట కాదు. పోర్చుగీసువాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. అడిగినది ఆటల గురించి.

పిడుగుల అమ్మమ్మ
అమ్మాయీ, అంత విసుగు పనికిరాదు. పిల్లలకు ఎన్నేళ్ళో, ఆడే చోటు ఎలాంటిదో చెప్పు. మేడ మీద ఆడే ఆట వేరు, వీధిలో ఆడే ఆట వేరు. నేను రోజూ నలుగురు మనవల్ని ఆడిస్తాను. నాకు మోకాళ్ళ నొప్పులు, కుర్చీలో కూర్చునే ఆడిస్తాను.

మూడో అంతస్తు
నేను అమ్మాయిని కాదండీ, అబ్బాయిని. డిగ్రీ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. నెలకు ఇంత అని ఇస్తున్నారు, పేరు ఏమి పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, పిల్లలు అన్నా అనే పిలుస్తారు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, రెండోవాడికి ఆరు, చిన్నదానికి ఈ మధ్యే మూడు నిండాయి. చోటు అంటే అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టే చోటు, దాని పక్కన ప్రహరీగోడ దాకా రెండు కార్లు పట్టేంత ఖాళీ. ఒక వేపచెట్టు, దాని చుట్టూ సిమెంటు దిమ్మ. బంతి తగిలి ఒక కారు అద్దం పగిలిందని మొన్ననే అసోసియేషన్ వాళ్ళు బంతాటలు ఆపేశారు. ఊరు విజయవాడ. ఇవన్నీ చెప్పాలని తోచలేదు.

చుక్కాని
కార్ల మధ్య దాగుడుమూతలా? ఈ రోజుతో ఆపేయండి. వెనక్కి తీసే కారు వెనక కూర్చున్న మూడేళ్ళ పిల్ల అద్దాల్లో కనబడదు.

డ్రిల్లు మాస్టారు
ఆ మాట నిజం. రోహిణీ కార్తె వచ్చేసింది, విజయవాడలో అయిదింటికి కూడా సిమెంటు నేల పెనంలా కాలుతుంది. పిల్లల్ని చెప్పులు లేకుండా దింపకండి. అయిదున్నర దాటనివ్వండి. మజ్జిగ సీసా వెంట ఉండాలి, ఆటకూ ఆటకూ మధ్య తలా నాలుగు గుక్కలు తాగించండి. దాహమని వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు, ఆటలో పడ్డ పిల్లలు అడగరు.

పిడుగుల అమ్మమ్మ
సరే బాబూ, ఇప్పుడు అర్థమైంది. నీ తిప్పలు ఆటలు లేక కాదు. తొమ్మిదేళ్ళవాడి ఆటలో మూడేళ్ళది ఎప్పుడూ ఓడిపోతుంది, ఏడుస్తుంది. దాన్ని ఓడిస్తే గెలిచినట్టు కాదు గనక పెద్దవాడికి విసుగు. నడిమివాడు ఎటూ చెందడు, లిఫ్టు మీటలు నొక్కేది వాడే అయి ఉంటాడు.

చిన్నదాన్ని ఆటలో అరటిపండు చెయ్యి. అది అందరితోపాటు పరిగెడుతుంది, దొంగ దాన్ని ముట్టుకున్నా ఔట్ కాదు. ఈ సంగతి మొదలుపెట్టక ముందే పెద్దవాడి చేతనే చెప్పించు. వాడు చెబితే అది వాడి నియమం అవుతుంది, నువ్వు చెబితే పక్షపాతం అవుతుంది.

దొంగ ఎవరన్నది నువ్వు తేల్చవద్దు, పంటలు వేయించు. ముగ్గురూ చేతులు కలిపి ఒక్కసారి విడదీసి చాపాలి, ఒకరిది అరచెయ్యి, మిగతావాళ్ళది మీదిచెయ్యి పడితే ఆ ఒక్కరు పండినట్టు. ఇద్దరే మిగిలినప్పుడు పండినవాళ్ళ చెయ్యి ఒకటి అరువు తెచ్చుకోవాలి. మా చిన్న మనవడు అరువు చెయ్యి ఇవ్వడానికే పండాలని చూస్తాడు, అదొక హోదా వాడికి.

ఆ దిమ్మ ఉంది కదా, నేలాబండా ఆడించు. నేల కావాలా బండ కావాలా అని దొంగను అడగాలి. నేల కోరుకుంటే మిగతావాళ్ళు దిమ్మ ఎక్కుతారు, దిగి దిగి వాణ్ణి ఉడికిస్తారు, నేల మీద దొరికినవాళ్ళు దొంగ. పావుగంటకు చెమటలు కారతాయి. చోటు కూడా ఎక్కువ అక్కర్లేదు. కార్ల వైపు ఒక సుద్దగీత గియ్యి, అది దాటినవాళ్ళు దొంగ. దిమ్మ ఎత్తుగా ఉంటే చిన్నదాన్ని ఎక్కనివ్వకు, చెట్టు మొదట్లో దానికొక గోనెసంచి పరిచి అదే దాని బండ అను.

బొగ్గులకుంట
అమ్మమ్మగారి మాట బాగుంది. బంతి లేకుండా పెద్దవాడు ఊరుకోడు. పాత సాక్సులు మూడు గట్టిగా చుట్టి నాలుగోదాంట్లో దూర్చి మూతి ముడి వెయ్యండి. విసిరితే కారు అద్దం కాదు కదా, దోమ కూడా చావదు. దాంతో లింగోచ్చ ఆడించండి. రాళ్ళకు బదులు ప్లాస్టిక్ డబ్బా మూతలు ఏడు తీసుకుని పెద్దది కింద, చిన్నది పైన పేర్చండి. మీరూ చిన్నదీ ఒక జట్టు, అన్నదమ్ములు ఒక జట్టు. పడగొట్టినవాళ్ళు బంతి తగలకుండా మళ్ళీ పేర్చాలి. చిన్నదానికి పేర్చే పని ఇవ్వండి, ఆ వయసులో డబ్బాలు పేర్చడమంటే ప్రాణం.

గోదారి గట్టు
లింగోచ్చ ఏమిటండీ, అది ఏడుపెంకులాట.

బొగ్గులకుంట
మా హైదరాబాదులో లింగోచ్చే. పెంకులు మీకు దొరికాయి, మాకు రాళ్ళు దొరికాయి.

డ్రిల్లు మాస్టారు
కర్ణాటకలో లగోరి అంటారు, ఉత్తరాదిలో పిట్టూ. పేరు ఏదైనా ఏడే ఉండాలి. ఈ మధ్య అయిదుతో ఆడిస్తున్నారు, అది తప్పు.

గోదారి గట్టు
మూతలతో ఆడుతున్నప్పుడు ఏడైతేనేమి, అయిదైతేనేమి మాస్టారూ?

డ్రిల్లు మాస్టారు
ఏడుపెంకులాటలో ఏడు అని ఎందుకున్నదో ఆలోచించండి.

న్యూజెర్సీ నుంచి
స్పాంజి పందెం కూడా బాగుంటుంది. ఒక బకెట్టు నిండా నీళ్ళు, పది అడుగుల అవతల తలా ఒక ఖాళీది. స్పాంజి ముంచి పరిగెత్తుకెళ్ళి పిండాలి, ఎవరి బకెట్టులో గీత దాకా ముందు నిండితే వాళ్ళది గెలుపు. ఆట అయ్యాక నీళ్ళు వేపచెట్టుకు పోయండి. ఒక్క మాట, మూడేళ్ళ పిల్ల ఉన్నచోట నీళ్ళ బకెట్టు వదిలి అటు తిరగకూడదు. జానెడు లోతు నీళ్ళు చాలు ప్రమాదానికి. ప్రథమ చికిత్స నేర్చుకోమన్నది ఇందుకే.

గడప దాటని పిల్లి
మళ్ళీ మొదలుపెట్టారు.

చుక్కాని
తొక్కుడుబిళ్ల ఎవరూ చెప్పలేదు. సుద్దముక్క చాలు. చిన్నది ఒంటికాలి మీద గెంతలేదు, రెండు కాళ్ళతో గెంతనివ్వండి.

మూడో అంతస్తు
రెండు రోజుల తరవాత రాస్తున్నాను. అరటిపండు కుదిరింది. ఇప్పుడు నడిమివాడు తననూ అరటిపండు చెయ్యమంటున్నాడు. నేలాబండా నిన్న ఏడింటి దాకా ఆడారు, చీకటి పడ్డా పైకి రామన్నారు. సాక్సుల బంతి మొదటి అంతస్తు సన్‌షేడ్ మీద పడింది, వాచ్‌మన్ కర్ర తెస్తానని వెళ్ళాడు, ఇంకా తేలేదు. మిగతావి చూడలేదు. థాంక్స్ అండీ అందరికీ.

పిడుగుల అమ్మమ్మ
నడిమివాడికి పంటలు వేయించే పని అప్పగించు బాబూ. అరటిపండు ఒక్కటే ఉండాలి.

గోదారి గట్టు
మాస్టారూ, ఏడు ఎందుకో చెప్పనేలేదు మీరు.

కొత్త సభ్యుడు
నమస్కారం. మా ఇంట్లో పిల్లలు ఇద్దరే. పంటలు వేయడానికి మూడో చెయ్యి నాదే పెట్టాలి కదా, మరి నేనే దొంగగా మిగిలిపోతే ఏమి చెయ్యాలి?