రేవు పట్నంలో విచారణ ఎలా నడపాలి? సలహా కావాలి

నమస్కారం. కూకట్‌పల్లిలో ఫ్రెండ్స్‌తో ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం, ఆట నడిపేది నేనే. కథ ఇప్పుడు వాటర్‌డీప్ అనే కల్పిత నగరం రేవులో ఉంది. తుఫానుకు పగిలిన ఓడలోంచి కొట్టుకొచ్చిన పట్టు మూటలను మావాళ్లు అమ్మేశారు, సిటీ వాచ్ (నగర కాపలాదళం) పట్టుకుంది. అక్కడ నల్ల అంగీల మేజిస్టర్లు (న్యాయాధికారులు) అక్కడికక్కడే శిక్ష వేసేయగలరు. అలా తేల్చేస్తే ఆట చప్పబడిపోతుంది. గట్టి వాదనలు జరగాలని నా కోరిక.

మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయ శాసనంలో పగిలిన ఓడల సరుకు లాక్కోబోమని, 30వ వంతు సుంకం చాలని వర్తకులకు మాటిచ్చాడు. ఓడ యజమాని వాదన దాని మీదే కట్టాలనుకుంటున్నా. మరి పరదేశి నావికుడి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మించాలి? జరిమానా కట్టలేకపోతే కథ ఆగకుండా ఏ శిక్ష వేయాలి? ఇలాంటి విచారణ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.