స్టిక్కర్ కింద 11:20 అని ఉంది. 500 పొట్లాలు పంచనివ్వలేదు. తప్పు చేశానా?

గేటుకాడ_రిజిస్టర్ (ప్రశ్న)

వరద వచ్చిన నాలుగో రోజు సంగతి. మా సహాయ కేంద్రం ఒక బడి భవనం. బల్లలన్నీ వరండాలోకి లాగేసి గదుల్లో చాపలు పరిచాం. 412 మంది ఉన్నారు. నేను స్వచ్ఛందంగా వచ్చినదాన్ని. గేటు దగ్గర రిజిస్టర్ నాది: ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఎన్నింటికి తెచ్చారు. అంతకుమించి నాకే అధికారమూ లేదు.

మధ్యాహ్నం 3:40కి ఒక పెద్ద కంపెనీ వ్యాను వచ్చింది. పేరు ఇక్కడ రాయను. 500 భోజనం పొట్లాలు. వ్యానులోంచి ముందు దిగినవి పొట్లాలు కావు, కెమెరా అబ్బాయి దిగాడు. తర్వాత బ్యానరు దిగింది. అది కట్టడానికి మేకు ఎక్కడుందని నన్నే అడిగారు. వరసలో ముందున్న పెద్దావిడ చేతిలో ఒక పొట్లం పెట్టి, "అమ్మా, ఇటు తిప్పి పట్టుకోండి, బొమ్మ కనపడాలి" అన్నాడు ఆ అబ్బాయి. తిప్పింది. "కొంచెం పైకి" అన్నాడు. ఎత్తింది. పొద్దుట్నించి ఆవిడ ఏమీ తినలేదని నాకు తెలుసు.

అదీ దిగమింగుకున్నాను. అన్నం వస్తోంది కదా, ఫొటోదేముందిలే అనుకున్నాను.

కానీ మూత మీద అరచెయ్యంత స్టిక్కరు ఉంది. ఒకదాని అంచు తడికి లేచి కనపడింది. గోటితో లాగితే కింద మార్కర్ పెన్నుతో 11:20 అని ఉంది. ఇంకో ఐదు లాగి చూశాను. 11:20, 11:05, 11:20... వంటింట్లో ఎవరో ఒళ్ళు దగ్గర పెట్టుకుని మూతమూతకీ టైము రాశారు. ఇంకెవరో సరిగ్గా దాని మీదే కంపెనీ బొమ్మ అతికించారు.

వండింది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, వేడిగా ఉంచేటట్టయితే 60 డిగ్రీల పైనే ఉంచాలి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మాకు మొదటి రోజే చెప్పారు. ఇవి వచ్చేసరికి నాలుగు గంటల 20 నిమిషాలు దాటింది. ఒక పొట్లం విప్పి మధ్యలో వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది. కేంద్రంలో పనిచేసే మరుగుదొడ్లు ఆరు. నేను లెక్కేసుకున్నది ఆ ఆరే.

ఇన్‌ఛార్జి గారిని పిలిచి చూపించాను. ఆయన వద్దన్నారు. గొయ్యి తీసి పూడ్చేశాం. మా సొంత వంట అయ్యేసరికి 6:15. ఆ రెండున్నర గంటలూ పిల్లలు గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "పారేసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడిగావా తల్లీ?" అన్నాడు. కంపెనీ మనిషి మాత్రం వ్యాను ఎక్కుతూ, "ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతారా మేడమ్" అని నవ్వాడు.

నా ప్రశ్న ఫొటోల గురించి కాదు. ఆ బ్యానరూ కెమెరా లేకుండా, ఓ చిన్న హోటలాయన తన బండి మీద అవే పొట్లాలు అదే టైముకి తెచ్చి ఉంటే నేను మూత గీకి చూసేదాన్నా? చూసేదాన్ని కాదేమో. దండం పెట్టి లోపలికి పంపేదాన్ని. వాళ్ళ ఉద్దేశం మీద అనుమానంతో మొదలుపెట్టి టైము దగ్గర తేలాను. రెండు వారాలైంది, అదే తొలుస్తోంది.

బాండీ_గరిటె

అక్కా, ముందు మీ గుండె బరువు దించుతాను. మీరు చేసింది రైటు. పెద్ద ఎత్తున వండే వంటశాలలో 16 ఏళ్ళుగా పని చేస్తున్నాను. వేడివేడిగా కూరి మూత బిగిస్తే ఆవిరి మూతకి పట్టి మళ్ళీ లోపలికే కారుతుంది. అలాంటివి అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్యలోవి చల్లారవు, అలాగని వేడిగానూ ఉండవు. మీ వేలికి తగిలింది అదే. వాసన రాకపోయినా నమ్మకూడదు. మూత మీద టైము రాసినవాడు నాలాంటివాడే. వాడి కోసమైనా మీరు ఆ టైము చదివారు, సంతోషం.

ఇక ఉద్దేశం సంగతి. మా ఓనరు కూడా ఒక వరదకి 3,000 పొట్లాలు పంపాడు. పేపర్లో వచ్చింది. పేపర్లో రానిది చెప్తాను. రెండు రోజులుగా కరెంటు లేదు. కోల్డ్ రూము జనరేటర్ మీద నడుస్తోంది, డీజిలు అయిపోవస్తోంది. బుకింగులన్నీ క్యాన్సిలయ్యాయి. లోపలున్న సరుకు వండకపోతే మర్నాటికి మురిగిపోతుంది. ఓనరు లోపలికొచ్చి, "పారేసే బదులు వండండిరా, పేరైనా వస్తుంది" అన్నాడు. ఉన్నమాట. ఆ రాత్రి డ్యూటీ లేనివాళ్ళు 11 మంది మోకాల్లోతు నీళ్ళలో నడిచొచ్చి వండారు. వాళ్ళకి పేరూ రాలేదు, ఓవర్‌టైమూ రాలేదు. ఇప్పుడు ఆ 3,000 పొట్లాల ఉద్దేశం ఏదని రాసుకుంటారు మీ రిజిస్టర్‌లో? ఒకే బాండీలో రెండూ ఉడికాయి.

నాకు నచ్చిన కథ ఒకటుంది. 2012లో శాండీ తుపాను తర్వాత న్యూయార్క్‌లో రాకవేలో ఆహారం పెట్టెలు పంచుతుంటే టయోటా కంపెనీ కార్లమ్మే మనుషుల్ని కాకుండా ఫ్యాక్టరీ లైను నడిపేవాళ్ళని పంపింది. అప్పటిదాకా ఒక్కో పెట్టె నింపడానికి మూడు నిమిషాలు పట్టేది. మనుషులు తిరగడం మాన్పించి, వరసగా నిలబెట్టి, పెట్టె సైజు మార్చారు. 11 సెకన్లకి వచ్చింది. చిన్న పెట్టె కావడంతో లారీకి ఎక్కువ పట్టాయి. దాని మీద వీడియో తీసి, ఒక్కో వ్యూకి ఒక్కో భోజనం ఇస్తామని ప్రచారం చేసుకున్నారనుకోండి. చేసుకోనీ. తమకి చేతనైన పని తెచ్చారు. మీ వ్యాను తెచ్చింది తమకి చేతకాని పని. వాళ్ళు వంటవాళ్ళు కాదు, ఎక్కడో వండించి స్టిక్కరేశారు.

ఉప్పూకారం

"చేసుకోనీ" అనడం తేలికే అన్నా. ఎంత చేసుకుంటారో కూడా చూడాలిగా. 1999లో ఫిలిప్ మారిస్ అనే సిగరెట్ల కంపెనీ దానధర్మాలకి 7.5 కోట్ల డాలర్లు పెట్టి, ఆ దానాన్ని చాటుకునే ప్రకటనలకి 10 కోట్లు పెట్టింది. పెళ్ళి కంటే బాజాలకే ఎక్కువ ఖర్చు.

నా కోపం ప్రచారం మీద కూడా కాదు. ఉద్దేశం ఎక్కడ బయటపడుతుందంటే వ్యాను ఏ రోడ్డెక్కుతుందో దాన్లో. నేను రెండు వరదల్లో పడవ మీద తిరిగాను. మెయిన్ రోడ్డు పక్క కేంద్రానికి మధ్యాహ్నం నాలుగు వ్యాన్లు వచ్చేవి, పొట్లాలు మిగిలి కుక్కలకేసేవాళ్ళు. లోపలికి మూడు కిలోమీటర్లు పోతే మేడ మీద ఉన్న జనానికి ఏమీ లేదు. పడవలో బ్యానరు కట్టలేం కదా! కెమెరాకి వెలుతురుండాలి, వ్యానుకి రోడ్డుండాలి. రాత్రి భోజనం ఇచ్చిన కంపెనీని ఎవరైనా చూశారా?

ఇంకో రకం కూడా ఉంది, అసలు దానమే కానిది. 2017లో ప్యూర్టోరికోని మారియా తుపాను తుడిచిపెట్టాక అమెరికా విపత్తు సంస్థ ఫీమా, అట్లాంటాలో ఒకే ఒక్కావిడ నడిపే కంపెనీకి 3 కోట్ల భోజనాల కాంట్రాక్టు ఇచ్చింది. 15.6 కోట్ల డాలర్లు. వచ్చినవి 50 వేలు. అవి కూడా వాటంతటవే వేడెక్కే పొట్లాలు కావాలని అడిగితే, తిండి వేరేగా, వేడిచేసే సంచులు వేరేగా పంపారు. కాంట్రాక్టు రద్దయింది. తినాల్సినవాళ్ళకి దాంతో ఏం ఒరిగింది?

బాండీ_గరిటె

అదే ప్యూర్టోరికోలో, అదే తుపానులో జోసే ఆండ్రేస్ అనే వంటాయన కూడా దిగాడు తమ్ముడూ. హోటళ్ళ యజమానే, వ్యాపారస్తుడే. 2010 హైతీ భూకంపం తర్వాత వరల్డ్ సెంట్రల్ కిచెన్ అని పెట్టుకున్నాడు. అక్కడి వంటవాళ్ళని, అక్కడి వంటిళ్ళని పట్టుకుని 30 లక్షలకు పైగా భోజనాలు పెట్టించాడు. ఆయనకీ పేరొచ్చింది, బోలెడంత. పేరొచ్చిందని ఆ భోజనాలు చేదెక్కవుగా.

రాత్రి భోజనం మాట మాత్రం ఒప్పుకుంటాను. మేమూ పంపలేదు.

అసలు నన్నడిగితే ఉచితంగా పెట్టడం కన్నా కొట్టు తెరిచి ఉంచడం పెద్ద సాయం. అమెరికాలో వాఫిల్ హౌస్ అని 24 గంటలూ నడిచే హోటళ్ళున్నాయి. ఫీమాకి పెద్దగా ఉన్న క్రెయిగ్ ఫ్యూగేట్ వాటిని చూసి దెబ్బ ఎంతో అంచనా వేసేవాడు. మెనూ మొత్తం దొరికితే ఆకుపచ్చ, మెనూలో కొన్నే దొరికితే పసుపు, మూసేస్తే ఎరుపు. వాళ్ళు డబ్బులు తీసుకునే పెడతారు. ఉద్దేశమేంటని ఎవరూ అడగరు, బిల్లులోనే రాసుంటుంది.

పద్దుల_పుస్తకం

నేను ఇలాంటి ఖర్చుల లెక్కలు చూసే ఉద్యోగిని. రెండు ముక్కలు.

ఫొటోలన్నీ గొప్పలకే అనుకోకండి. డబ్బు ఖర్చయిందంటే ఆడిటర్ ఆధారం అడుగుతాడు. ఫొటో, బిల్లు, తీసుకున్నవాళ్ళ సంతకం కావాలి. కానీ ఆధారానికి దింపిన పెట్టెల ఫొటో చాలు. పెద్దావిడ మొహం ఏ ఆడిటరూ అడగడు.

రెండోది. భారత కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. విపత్తు సహాయం ఆ పద్దులోకి వస్తుంది. అయితే 2021లో సవరించిన నిబంధనల్లో, తమ సరుకుకి మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సర్ చేసే పనులు ఆ లెక్కలోకి రావని స్పష్టంగా ఉంది. కాబట్టి స్టిక్కరు ఎంత పెద్దదైతే లెక్క రాసేవాడికి అంత తలనొప్పి. నేను గొడవపడి మా దాంట్లో స్టిక్కరు సైజు తగ్గించాను. మొత్తం తీయించలేకపోయాను.

రెండో_వరస

నేను ఇచ్చేవాణ్ణి కాదు, తీసుకున్నవాణ్ణి. వేరే వరద, వేరే కేంద్రం. ఆరు రోజులున్నాం.

నన్నూ పొట్లం తిప్పి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆ క్షణంలో వాళ్ళ ఉద్దేశం గురించి ఆలోచించలేదు. ఇంకోటి అడిగితే ఇస్తారా, మా అమ్మ లేచి రాలేదు, ఆవిడకి కూడా ఇస్తారా అని ఆలోచించాను. ఇచ్చారు. అమ్మ తింది.

ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళ పేజీలో ఉంది. గడ్డం మాసి, ఎవరిదో చొక్కా వేసుకుని నేను. మా అమ్మాయి క్లాసు పిల్లలు చూసి దానికి చూపించారట. నాతో చెప్పలేదు, వాళ్ళమ్మతో చెప్పింది. తీసెయ్యమని రెండుసార్లు రాశాను.

రిజిస్టర్ మేడమ్, మీరు పారేసినందుకు తప్పు పట్టను. కానీ ఆ పెద్దాయన అడిగింది న్యాయం. మూత తెచ్చి మాకు చూపించి, ఇదిగో 11:20, ఇప్పుడు 3:40, అందుకని పెట్టట్లేదు, మన వంట 6:15కి అవుతుంది అని చెప్పుంటే సరిపోయేది. మేం ఇల్లు పోగొట్టుకున్నాం గానీ గడియారం చూడ్డం మర్చిపోలేదు.

గేటుకాడ_రిజిస్టర్

ఈ చివరి మాట నాలుగుసార్లు చదివాను. అవునండీ, చూపించాల్సింది. స్టిక్కరు కింద టైము దాచారని వాళ్ళని తిట్టుకుంటూ, నేను కూడా దాన్ని ఇన్‌ఛార్జి గారికి తప్ప ఎవరికీ చూపించలేదు.

రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమాల్లో పదోది, ప్రచారంలో బాధితుల్ని గౌరవం ఉన్న మనుషులుగా చూపాలి గాని దిక్కులేనివాళ్ళుగా కాదంటుంది. ఆ కాగితం మా గోడకే అంటించి ఉంది. కంపెనీలు దాని మీద సంతకం చేసినవి కావు, అది వేరే సంగతి. గోడ కింద కూర్చున్నది నేను.

గేటు దగ్గర కొత్త పద్ధతి పెట్టాను, హోటలాయన బండికైనా కంపెనీ వ్యానుకైనా ఒకటే. ప్రతి లోడులో పది మూతలు నేను చూస్తాను, వరసలో ముందున్న ఇద్దరు నాతో పాటు చూస్తారు. కెమెరా పెట్టెల దాకానే. పొట్లాలు దించేముందు ఒక ప్రశ్న: "రేపు రాత్రికి వస్తారా?" ఉప్పూకారం గారూ, ఇది మీ పుణ్యమే. మొన్న ఇద్దరు నీళ్ళు నమిలారు. ఒకతను తొమ్మిదింటికి నిజంగానే వచ్చాడు, బ్యానరుతో సహా. కట్టుకోమన్నాను. చీకట్లో ఎవరికీ కనపడలేదు పాపం.

ఇంకో సమస్య. ఆ 500 పొట్లాల కంపెనీ నిన్న మెయిల్ పెట్టింది. "500 భోజనాలు బాధితులకు పంపిణీ చేయబడినవి" అని టైపు చేసి పంపి, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమంటున్నారు. పద్దుల పుస్తకం గారూ, ఏం చెయ్యను?

పద్దుల_పుస్తకం

దాని మీద సంతకం పెట్టకండి. మీ తెల్లకాగితం మీద మీరే రాయండి: "500 పొట్లాలు 3:40కి అందినవి. మూతపై టైము 11:05, 11:20. పంచలేదు." ఒక మూత ఫొటో జత చెయ్యండి. స్టిక్కరు సగం ఊడినదుంటే అదే పెట్టండి. కాపీ మీ దగ్గరుంచుకోండి.

గేటుకాడ_రిజిస్టర్

పంపాను. మూత ఒకటి రిజిస్టర్‌లో పెట్టి దాచాను లెండి, జిడ్డు మరక నాలుగు పేజీలకి పాకింది. జవాబు ఇంకా రాలేదు.