గ్వెంట్‌లో వెదర్ కార్డులు దండగేనా? వేస్తే ఎప్పుడు వేయాలి?

మూడోరౌండ్:

2015లో విచర్ 3 అనే వీడియో గేమ్ లోపలే వచ్చిన కార్డుల ఆట గ్వెంట్‌ని ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాను. నిన్న ఒక ఆట ఓడిపోయాక విసుగొచ్చి డెక్‌లోని వెదర్ కార్డులన్నీ తీసేశాను. మంచి పనే చేశాననుకుంటున్నాను. కాదంటే వాదించండి.

ఆడనివాళ్ల కోసం నియమాలు క్లుప్తంగా. చేతికి పది కార్డులొస్తాయి. మూడు రౌండ్లలో రెండు గెలవాలి. మధ్యలో కార్డులు ఊరికే రావు. ఒక్కొక్కరికి మూడు వరుసలు: దగ్గరి పోరు, రేంజ్‌డ్, సీజ్. వెదర్ కార్డుల్లో ఫ్రాస్ట్ వేస్తే దగ్గరి వరుసకు దెబ్బ, ఫాగ్ రేంజ్‌డ్‌కి, రెయిన్ సీజ్‌కి. ఆ వరుసలో ప్రతి మామూలు కార్డు బలం 1కి పడిపోతుంది. వాళ్లదే కాదు, మనది కూడా. రౌండ్ ముగిసేదాకా లేదా ఎవరైనా క్లియర్ వెదర్ వేసేదాకా అలాగే ఉంటుంది. హీరో కార్డులకు ఏమీ కాదు.

ఇక నా లెక్క. వెదర్ కార్డుకి సొంత బలం సున్నా. పది కార్డుల్లో ఒకటి సున్నాకి ఖర్చు పెడుతున్నాం. నిన్న మొదటి టర్న్‌లోనే ఫ్రాస్ట్ వేశాను. అవతలి డెక్ ఆ వరుస వైపే చూడలేదు, మిగతా రెండు వరుసల్లో హాయిగా పేర్చుకుంది. నా దగ్గరి పోరు కార్డులు మాత్రం చేతిలోనే ఉండిపోయాయి. నా కత్తితో నేనే పొడుచుకున్నట్టయింది.

సీదాలెక్క:

లెక్క అన్నారు కాబట్టి లెక్కే చేద్దాం.

నార్తర్న్ రెల్మ్స్‌ (ఆటలోని పక్షాల్లో ఒకటి) డెక్‌లో కాటాపుల్ట్ బలం 8. టైట్ బాండ్ ఉన్న కార్డు, అంటే అలాంటివి రెండు పక్కపక్కన పడితే రెండింటి బలం రెట్టింపు. 16, 16, మొత్తం 32. రెయిన్ పడితే ముందు ఒక్కొక్కటి 1 అవుతుంది, తర్వాత రెట్టింపు అయి 2, 2. మొత్తం 4. ఒక్క కార్డుతో 28 పోయింది. ఆ వరుసలో కమాండర్స్ హార్న్ (వరుస బలాన్ని రెట్టింపు చేసే కార్డు) కూడా ఉంటే 64 కాస్తా 8.

ఆటలో గెరాల్ట్, సిరి కార్డుల బలమే 15. మీరు "సున్నా" అంటున్న కార్డు దానికి దాదాపు రెట్టింపు పని చేసింది. వెదర్‌కి బలం లేదనకండి. దాని బలం అవతలివాడు ఏం వేశాడో దాన్ని బట్టి ఉంటుంది. మీరు వాడేమీ వేయకముందే వేసి, బలం లేదంటున్నారు.

ఒంటరి నెక్కర్:

హీరోలతో నిండిన డెక్ ఎదురైతే మీ 28 ఎక్కడిది బ్రో?

సీదాలెక్క:

ఉండదు. అప్పుడు వేయను. చేతిలో పెట్టుకుని ఏడుస్తాను. అందుకే ఒకటికి మించి పెట్టుకోనిది.

పొగమంచు:

మొదటే వేయడం ఎప్పుడూ తప్పేనంటే ఒప్పుకోను. మూడోరౌండ్ గారు చేసిన తప్పు టైమింగ్‌ది కాదు, ఎవరి మీద వేశారన్నదే. స్కోయాటెల్ డెక్‌లో చాలా కార్డులు ఎజైల్, దగ్గరి పోరులోనైనా రేంజ్‌డ్‌లోనైనా వేసుకోవచ్చు. వాళ్ల ముందు మొదటే ఫ్రాస్ట్ వేయడం అంటే ఎటు వెళ్లాలో మనమే దారి చూపించడం. మాన్‌స్టర్స్‌కి ఆ వెసులుబాటు లేదు. వాళ్ల కార్డుల్లో ఎక్కువ భాగం దగ్గరి వరుసవే. మొదటే వేస్తే వాళ్ల చేతిలో సగం కార్డులు బరువైపోతాయి.

ఒంటరి నెక్కర్:

మాన్‌స్టర్స్ మాట ఎత్తారు కాబట్టి నాకూ చెప్పాల్సింది ఉంది. (పేరు చూశారుగా.)

"మాన్‌స్టర్స్ ఎదురైతే ఫ్రాస్ట్" అని అందరూ పాఠంలా చెబుతారు. ఘూల్ బలమే 1. ఫ్రాస్ట్ దాన్ని ఇంకేం చేస్తుంది? నెక్కర్ 2, మూడు నెక్కర్‌లు వస్తే మాకు పోయేది 3. అరాకస్ 4, మూడింటికి 9 పోతుంది. నిజంగా నొప్పి పుట్టేది క్రోన్‌ల లాంటివాటి దగ్గరే. ఒక్కొక్కటి 6, ముగ్గురూ కలిసి 18, ఫ్రాస్ట్ పడితే 3. పోయింది 15. అంటే మా చేతిలో క్రోన్‌లు ఉన్నాయో లేదో తెలియకుండా మొదటే వేస్తే, ఒక రౌండ్‌లో 15 కొట్టవచ్చు, ఇంకో రౌండ్‌లో 3 దగ్గరే ఆగిపోవచ్చు. మొదటే వేసిన ఫ్రాస్ట్ చూసి నేను ఘూల్‌లు దించి, క్రోన్‌లు తర్వాతి రౌండ్‌కి దాచుకుంటాను. రౌండ్‌తోపాటే ఫ్రాస్ట్ కూడా పోతుంది కదా.

ఇంకో మాట. మాకు ఫ్రాస్ట్ కంటే భయం, ఫ్రాస్ట్ తర్వాత వచ్చే స్కార్చ్. స్కార్చ్ బల్ల మీద అన్నిటికంటే బలమైన కార్డును కాలుస్తుంది. సమానంగా ఉంటే అన్నిటినీ కాలుస్తుంది. నా సైన్యమంతా దగ్గరి వరుసలోనే ఉండి, ఫ్రాస్ట్‌తో అన్నీ 1 అయ్యాక, బల్ల మీద అంతకంటే బలమైన మామూలు కార్డు ఇంకెక్కడా లేనప్పుడు స్కార్చ్ పడితే వరుస మొత్తం బూడిదే. అవతలివాడి కార్డులు కూడా 1 దగ్గరే ఉంటే అవీ పోతాయనుకోండి, అది వాడి తలనొప్పి.

పొగమంచు:

ఆ కాంబో గుర్తు చేసినందుకు థాంక్స్, రేపటి నుంచి మీ మీదే వాడతాను.

దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఒకటుంది, చాలామంది గమనించరు. వెదర్ మన కార్డులకు గొడుగులా కూడా పనికొస్తుంది. విల్లెన్‌ట్రెటెన్‌మెర్త్ అనే డ్రాగన్ కార్డు ఉంది కదా, అవతలివాడు దాన్ని దించినప్పుడు మన దగ్గరి వరుస మొత్తం 10 లేదా అంతకు మించి ఉంటేనే అందులో బలమైనదాన్ని కాలుస్తుంది. ఫ్రాస్ట్ కింద ఉన్న మన వరుస 4 దగ్గర ఉంటే డ్రాగన్‌కి పని లేదు. అది అయ్యాక క్లియర్ వెదర్ తీస్తే మన బలాలన్నీ మళ్లీ పైకి లేస్తాయి. పాత గ్వెంట్‌లో వెదర్ బలాన్ని తినేయదు, కప్పి ఉంచుతుంది అంతే.

స్పై కార్డుల సంగతీ ఇంతే. నిల్ఫ్‌గార్డ్‌లో స్టెఫాన్ స్కెల్లెన్ స్పై, బలం 9, దగ్గరి వరుస. అవతలివాడి వైపు వేస్తే వాడికి 9 బలం, మనకు రెండు కార్డులు. ఫ్రాస్ట్ ఉన్నప్పుడు వేస్తే వాడికి దక్కేది 1, మనకు వచ్చేవి మాత్రం అవే రెండు కార్డులు. మొదటి రౌండ్‌లోనే ఫ్రాస్ట్ వేయడానికి నాకు ఇంతకంటే మంచి కారణం కనబడదు.

మూడోరౌండ్:

స్పైల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఫ్రాస్ట్, స్కెల్లెన్ రెండూ ఒకేసారి చేతిలో ఉండాలి కదా? 25 కార్డుల డెక్‌లో ఒక్క ఫ్రాస్ట్ పెట్టుకుంటే అది చేతికొచ్చే అవకాశం 40 శాతం. మొదట్లో రెండు కార్డులు మార్చుకునే వీలుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ. పది ఆటల్లో సగానికి దాచుకోవడం, బ్లఫ్ అనే మాటే లేదు. పైగా నేను కంప్యూటర్‌తో ఆడుతున్నా. దానికి అనుమానం, భయం ఉండవు. గొడుగు కింద కార్డులు దాచి దాన్ని మోసం చేసేదేముంది?

సీదాలెక్క:

చేతికి రాకపోవడం అనే సమస్యకు ఆటలోనే మందు ఉంది: లీడర్, అంటే చేతి కార్డులతో కలవకుండా విడిగా ఉండే నాయకుడి కార్డు. ఫోల్టెస్ట్ కార్డుల్లో "కింగ్ ఆఫ్ టెమేరియా" అన్నది డెక్‌లోంచి ఫాగ్‌ని తీసి నేరుగా వేస్తుంది. ఫ్రాంచెస్కాకి ఫ్రాస్ట్ తీసేది ఉంది, ఎమ్హిర్‌కి రెయిన్ తీసేది ఉంది. ఎరెడిన్ "కమాండర్ ఆఫ్ ది రెడ్ రైడర్స్" అయితే మూడింట్లో ఏది కావాలన్నా తీస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది, లీడర్ వేసే వెదర్‌కి మీ చేతిలోంచి కార్డు పోదు. "పదిలో ఒకటి సున్నాకి ఖర్చు" అన్న మీ మొదటి ఫిర్యాదు ఇక లేనట్టే. చిక్కల్లా ఆ కార్డు డెక్‌లో మిగిలి ఉండాలి. అందుకే రెండు కాపీలు పెడతాను. 25లో రెండూ ఒకేసారి చేతికొచ్చే అవకాశం 15 శాతమే.

(పైన ఒకటికి మించి పెట్టనన్నాను, అది లీడర్ లేనప్పటి మాట. పట్టుకోకండి.)

ఒంటరి నెక్కర్:

పట్టుకున్నాం.

గోల్డ్‌ఫ్రేమ్:

మీరంతా పాత ఆట గురించే మాట్లాడుతున్నారు. విడిగా వచ్చిన గ్వెంట్ ఆడేవాడిగా నా అనుభవం పూర్తిగా వేరు. 2017 ఓపెన్ బీటాలోనే వెదర్ స్వభావం మార్చేశారు. శత్రువు వరుస మీద మాత్రమే పడుతుంది, బలాన్ని 1కి దించదు, టర్న్ టర్న్‌కీ కొరుక్కుతింటుంది. ఫ్రాస్ట్ ఆ వరుసలో అందరికంటే బలహీనుణ్ణి కొడుతుంది, ఫాగ్ అందరికంటే బలమైనవాణ్ణి, రెయిన్ దొరికినవాళ్లను. 2018 హోమ్‌కమింగ్ అప్‌డేట్‌తో మూడు వరుసలు రెండయ్యాయి కాబట్టి తప్పించుకునే చోటు ఇంకా తగ్గింది.

అక్కడ "చివరిదాకా దాచు" అన్న సలహా పాటిస్తే మునుగుతారు. టర్న్‌కి 2 చొప్పున కొడుతుందంటే, అయిదు టర్న్‌లు ముందు వేస్తే 10, చివరి టర్న్‌లో వేస్తే దాదాపు ఏమీ లేదు. పైగా పోయిన బలం వాతావరణం తొలగినంత మాత్రాన తిరిగి రాదు.

నాకు నచ్చేది వెదర్ మార్చే ఆట. ఒక వరుస మీద ఒకసారికి ఒకే వెదర్ ఉంటుంది, కొత్తది వేస్తే పాతది పోతుంది. అవతలివాడు చిన్న చిన్న కార్డులు పరుస్తున్నంతసేపు ఫ్రాస్ట్ ఉంచుతాను. వాటిని వదిలేసి ఒక పెద్ద కార్డును పెంచడం మొదలుపెట్టగానే ఫాగ్‌కి మారుస్తాను. వాడు ఏ దారిన వెళ్తే ఆ దారికి తగ్గ దెబ్బ.

పొగమంచు:

మార్చినప్పుడు పాతదానికి మిగిలిన టర్న్‌లు వృథా కదా? ఫ్రాస్ట్ ఇంకా ఉండగా ఫాగ్ వేస్తే ఒక కార్డులో కొంత మీరే చింపేసుకున్నట్టు.

గోల్డ్‌ఫ్రేమ్:

నిజమే. అందుకే పాతదాని చివరి టర్న్ దగ్గరపడ్డాకే మారుస్తాను, లేదా రెండో వరుస మీద రెండోది వేస్తాను. ఫ్రాస్ట్ ఒకవైపు, ఫాగ్ ఇంకోవైపు ఉంటే వాడు కొత్త కార్డు ఎక్కడ దించాలో తేల్చుకోలేడు.

సీదాలెక్క:

ఇది బాగుంది, కానీ మూడోరౌండ్ గారి ప్రశ్నకు ఇది జవాబు కాదు. రెండు ఆటలు కలిపితే చర్చ ఎటో పోతుంది. పాత గ్వెంట్‌కే నా మాట ఒక్కటి: ఎదుటివాడు పాస్ అనేదాకా ఆగండి. పాస్ అన్నవాడు ఆ రౌండ్‌లో ఇంకేమీ వేయలేడు. క్లియర్ వెదర్ చేతిలో ఉన్నా తీయలేడు, "వెదర్ తొలగించు" అనే ఫోల్టెస్ట్ లీడర్ ఉన్నా పలకలేడు. వెదర్‌కి జవాబు లేని క్షణం అదొక్కటే. కంప్యూటరైనా మనిషైనా ఇందులో తేడా లేదు, మోసం చేయక్కర్లేదు, ఓపిక పడితే చాలు.

పొగమంచు:

మంచి ఆటగాడు ఎందుకు పాస్ అంటాడు? మీ చేతిలో ఆరు కార్డులుంటే వాడికీ అనుమానం ఉంటుందిగా.

సీదాలెక్క:

ఆధిక్యం పెద్దగా ఉంటే అంటాడు. ఇంకో కార్డు ఎందుకు ఖర్చు అనుకుంటాడు. ఆ ఆధిక్యం ఒకే వరుసలో పేరుకుందా లేదా అన్నదే మనం చూడాల్సింది.

మూడోరౌండ్:

రెండు రోజుల తర్వాత వస్తున్నా. స్నేహితుడితో పాత నియమాలతోనే ఆడాను. నాది నిల్ఫ్‌గార్డ్, వాడిది నార్తర్న్ రెల్మ్స్. తీసేసిన వాటిలో ఒక్క ఫ్రాస్ట్‌ని మాత్రం మళ్లీ డెక్‌లో పెట్టాను, అది చేతికొచ్చింది.

మొదటి రౌండ్. వాడు బ్లూ స్ట్రైప్స్ కమాండోలు ముగ్గుర్నీ దించాడు. ఒక్కొక్కరు 4, ముగ్గురు కలిస్తే మూడింతలు, 12 చొప్పున 36. రేంజ్‌డ్‌లో కైరా మెట్జ్ 5. మొత్తం 41. నా వైపు రేంజ్‌డ్, సీజ్ వరుసల్లో కలిపి నాలుగు చిన్న కార్డులు. మొత్తం 14. వాడు నా వైపు జాలిగా చూసి పాస్ అన్నాడు.

ఫ్రాస్ట్ వేశాను. కమాండోలు 3 చొప్పున 9. కైరాతో కలిపి 14.

ఒంటరి నెక్కర్:

14, 14. డ్రా కదా? ఇద్దరికీ ఒక రౌండ్ పోయినట్టే.

పొగమంచు:

నిల్ఫ్‌గార్డ్ అన్నారు చూడండి. సమానమైతే గెలుపు వాళ్లది.

మూడోరౌండ్:

అదే. వాడు నాలుగు కార్డులు పెట్టాడు, నేను ఫ్రాస్ట్‌తో కలిపి అయిదు. వాడి చేతిలో క్లియర్ వెదర్ ఉందని తర్వాత చూపించాడు, అది చూశాక ఇంకా హాయిగా అనిపించింది.

కానీ రెండో ఆటలో వాడు నేర్చేసుకున్నాడు. కమాండోలు ఇద్దర్నే దించాడు, మిగతావన్నీ వెనక వరుసల్లో పరిచాడు, చివరి కార్డు దాకా పాస్ అనలేదు. నా ఫ్రాస్ట్ చేతిలోనే ఉండిపోయింది. ఆ ఆట ఓడిపోయాను.

సీదాలెక్క:

మూడో కమాండోని దించలేదా? ఇద్దరితో 16 దగ్గర ఆగాడు. మూడోవాడు ఉంటే 36. మీరు వేయని ఫ్రాస్ట్ వాడికి 20 ఖర్చు పెట్టించింది.

మూడోరౌండ్:

మూడోవాడు వాడి చేతికే రాలేదట. అడిగాను.

ఒంటరి నెక్కర్:

😂